అన్నయ్య తిండి తగ్గించే ముందు

మీ అన్నయ్యకు 27 ఏళ్లు, డౌన్ సిండ్రోమ్ ఉంది. రోజూ వెళ్లే శిక్షణ కేంద్రం రెండేళ్ల కిందట ఆగిపోయాక ఇంట్లోనే ఉంటున్నారు, ఈ రెండేళ్లలో 11 కిలోలు పెరిగారు. అమ్మానాన్నలు పెద్దవాళ్లయ్యారు, ఆయన అడిగితే కాదనలేకపోతున్నారు. మొన్న దిండు కింద బిస్కెట్ ప్యాకెట్లు దొరికితే మీరు గట్టిగా అరిచారు, ఆయన ఏడ్చారు, అప్పటి నుంచి మీతో సరిగా మాట్లాడటం లేదు. ఒక మంచి డైట్ చార్ట్ చెప్పమని అడిగారు.

నేను డైటీషియన్‌ని. మా తమ్ముడికీ డౌన్ సిండ్రోమే, వాడికిప్పుడు 34. ఉద్యోగంలో నేర్చుకున్నదాని కంటే వాడి అక్కగా నేర్చుకున్నదే ఎక్కువ, అందుకే చార్ట్ ఇవ్వడం లేదు. మా ఇంట్లో మొదటి చార్ట్ నేనే రాసి ఫ్రిజ్ తలుపుకు అతికించాను. పది రోజులు నడిచింది. పదకొండో రోజు వాడు దాన్ని ఊడదీసి, నాలుగు మడతలు పెట్టి, నా బ్యాగులో పెట్టాడు. గొడవ చేయలేదు, ఏడవలేదు. నాది నాకు ఇచ్చేశాడు, అంతే. ఆ కాగితంలో వాడు అడిగింది ఒక్కటీ లేదని, వాడిని ఒక్క మాటైనా అడక్కుండా రాశానని అప్పుడు తట్టింది.

ముందు ఆ బిస్కెట్ల సంగతి. 11 కిలోలు అంటే భయం వేస్తుంది. కానీ ఒకసారి లెక్క వేసి చూడండి. కిలో కొవ్వు అంటే సుమారు 7,700 కేలరీలు. 11 కిలోలను రెండేళ్లకు పంచితే రోజుకు సుమారు 116 కేలరీల చొప్పున మిగిలినట్టు. ఒళ్లు పెరిగేకొద్దీ శరీరం ఖర్చు చేసేదీ పెరుగుతుంది కాబట్టి అసలు మిగులు ఇంతకంటే కొంత ఎక్కువే ఉంటుంది. అయినా అది తిండిబోతుతనం కాదు. 330 మిల్లీలీటర్ల కూల్ డ్రింక్ ఒక్కటి తాగితే 140 కేలరీలు వచ్చేస్తాయి. రోజూ కేంద్రానికి వెళ్లి రావడం, మెట్లెక్కడం, స్నేహితులతో అటూ ఇటూ తిరగడం ఒక్కసారిగా ఆగిపోయాయి కదా, తిండి ఒక్క ముద్ద కూడా పెరగకుండానే ఇంత తేడా రావచ్చు. కాబట్టి ఆయన తప్పు చేసి పెరిగారన్న ఆలోచన ముందు మీ మనసులోంచి తీసేయండి. తర్వాత వెళ్లి సారీ చెప్పండి. పెద్ద ఉపన్యాసం వద్దు. 'నేను అరవకూడదు, తప్పు నాదే' అంటే చాలు, ఆయనకు అర్థమవుతుంది.

అర్థమవుతుందని ఊరికే అనడం లేదు. డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్లలో చాలామంది మాట్లాడగలిగినదాని కంటే అర్థం చేసుకునేది బాగా ఎక్కువ. మాట తడబడుతుంది కాబట్టి మనం ఏమన్నా బుర్రకెక్కదనుకుని, వాళ్ల ముందే వాళ్ల పొట్ట గురించి, తిండి గురించి, 'ఇలాగైతే మా తర్వాత ఎవరు చూస్తారు' అన్న టెన్షన్ గురించి మాట్లాడేస్తాం. వాళ్లు అన్నీ వింటారు. దాచుకుని తినడం చాలా ఇళ్లలో అక్కడే మొదలవుతుంది.

ఇక మొదటి పని. తిండి దగ్గర ఏ మార్పూ చేయకముందే థైరాయిడ్ పరీక్ష చేయించండి. డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్లలో థైరాయిడ్ మందగించడం మిగతావాళ్లకంటే చాలా ఎక్కువ. బరువు పెరగడం, మలబద్ధకం, పొడిబారిన చర్మం, చలికి ఓర్చుకోలేకపోవడం, ఎప్పుడూ మగతగా ఉండటం దాని లక్షణాలు. చిక్కేమిటంటే వీటిలో ఏది కనిపించినా 'వాళ్లు అంతేలే' అని తోసేయడం తేలిక. అందుకే లక్షణాల కోసం ఆగొద్దని వైద్యులు చెబుతారు. 2020లో జామా వైద్య పత్రికలో డౌన్ సిండ్రోమ్ ఉన్న పెద్దవాళ్ల కోసం ప్రత్యేకంగా మార్గదర్శకాలు వచ్చాయి. వాటి ప్రకారం 21 ఏళ్ల నుంచి ఏడాదికో, రెండేళ్లకో ఒకసారి టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పనితీరు తెలిపే రక్తపరీక్ష) చూడాలి. షుగర్ పరీక్ష మామూలుగా 30 ఏళ్ల నుంచి మూడేళ్లకోసారి, ఊబకాయం ఉంటే 21 నుంచే రెండు మూడేళ్లకోసారి. మీ అన్నయ్యకు ఆఖరిసారి థైరాయిడ్ ఎప్పుడు చూశారో మీరు రాయలేదు. రెండేళ్లు దాటి ఉంటే ఇంకేదీ మొదలుపెట్టకుండా అదే చేయించండి. థైరాయిడ్ తగ్గి ఉన్న మనిషిని తిండి తగ్గించి నడిపిస్తే బరువు అనుకున్నంత తగ్గదు, నీరసం మాత్రం పెరుగుతుంది, 'నేను ఎంత చేసినా ఇంతే' అన్నది ఆయన మనసులో పడిపోతుంది.

రెండోది నిద్ర. దీని గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే మా ఇంట్లో మేం ఏళ్ల తరబడి పట్టుకోలేకపోయింది ఇదే. మా తమ్ముడు మంచం మీద కాళ్లు మడిచి కూర్చుని, ముందుకు వంగి, నుదురు పరుపుకు ఆనించి నిద్రపోయేవాడు. చిన్నప్పటి నుంచీ అంతే. ఒళ్లు అంత సాగుతుందని మేం ముచ్చటపడేవాళ్లం. ఫోటోలు కూడా తీశాం. ఒక రాత్రి ఏదో పనిమీద మేలుకుని వాడి పక్కనే కూర్చున్నాను. గురక వస్తూ వస్తూ ఆగిపోయింది. నేను లెక్కపెట్టడం మొదలుపెట్టాను. పద్నాలుగు దాకా లెక్కపెట్టాక ఒక్క ఉదుటున ఊపిరి పీల్చాడు, భుజాలు ఎగిరిపడ్డాయి, మళ్లీ గురక. అలా నేను చూస్తుండగానే ఏడెనిమిది సార్లు జరిగింది. వెల్లకిలా పడుకుంటే నాలుక, గొంతు కండరాలు వెనక్కి జారి ఊపిరి మూసుకుపోతుందని, వాడి శరీరమే ఆ భంగిమను వెతుక్కుందని తర్వాత డాక్టర్ చెప్పారు. అది స్లీప్ ఆప్నియా. ముఖం మధ్యభాగం చిన్నగా ఉండటం, గొంతు దారి ఇరుకు, కండరాల బిగువు తక్కువ కావడం వల్ల డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్లలో సగానికి పైగా ఇది ఉంటుంది. నిద్ర సరిగా లేని మనిషికి పగలు ఆకలి ఎక్కువ, కదలాలన్న ఓపిక తక్కువ. బరువు పెరుగుతుంది, పెరిగిన బరువు మెడ చుట్టూ చేరి ఊపిరిని ఇంకా ఇరుకు చేస్తుంది. వాడికి రాత్రిపూట సీప్యాప్ మాస్క్ (గొంతు దారి మూసుకుపోకుండా ఒత్తిడితో గాలి పంపే యంత్రానిది) అలవాటు చేయడానికి నాలుగు నెలలు పట్టింది. మొదటి నెలంతా మాస్క్ పెట్టుకుని పదినిమిషాలు టీవీ చూడటమే, నిద్ర ఊసే లేదు. అలవాటయ్యాక మధ్యాహ్నం కునుకు ఆగిపోయింది, సాయంత్రం వాడంతట వాడే బయటికి వెళ్దామనడం మొదలైంది. తిండిలో మేం అప్పటికి మార్చింది ఏమీ లేదు.

కాబట్టి ఒకటి రెండు రాత్రులు అన్నయ్య పక్కన కూర్చోండి. గురక, ఊపిరి ఆగడం, కూర్చుని పడుకోవడం, తలను బాగా వెనక్కి వాల్చి పడుకోవడం, పొద్దున లేవగానే చిరాకు, పగలు కూర్చున్నచోటే జోగడం కనిపిస్తే రాసుకోండి. ఫోన్‌లో నిమిషం వీడియో తీస్తే డాక్టర్‌కి మాటలకంటే బాగా అర్థమవుతుంది. ఆయన పెద్దమనిషి, తెల్లవారాక వీడియో చూపించి, ఇది డాక్టర్‌కి చూపించనా అని అడగండి.

మందుల జాబితా కూడా తీయండి. ప్రవర్తన కోసం ఇచ్చే రిస్పెరిడోన్ లాంటివి, మూర్ఛకు ఇచ్చే వాల్‌ప్రోయేట్ లాంటివి ఆకలిని, బరువును పెంచగలవు. మీ అంతట మీరు ఆపకండి, ఎప్పుడు మొదలుపెట్టారో, బరువు ఎప్పటి నుంచి పెరిగిందో పక్కపక్కన రాసి డాక్టర్ ముందు పెట్టండి.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది మాత్రం శిక్షణ కేంద్రం ఆగిపోవడం. మీరు దాన్ని ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు వెళ్లారు. ఆయన వైపు నుంచి చూస్తే ఉద్యోగం, స్నేహితులు, రోజూ స్నానం చేసి చొక్కా వేసుకుని బయటికి వెళ్లడానికి ఒక కారణం, అన్నీ ఒకే రోజు పోయాయి. డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్లు 'నాకు దిగులుగా ఉంది' అని చెప్పడం తక్కువ. ఇష్టమైన పాటలు వినడం మానేస్తారు, పనులు నెమ్మదిస్తాయి, గదిలోనే ఉంటారు, కొందరు తిండి మానేస్తారు, కొందరికి తిండి ఒక్కటే మిగులుతుంది. తమలో తాము మాట్లాడుకోవడం చూసి కంగారు పడకండి, వాళ్లలో చాలామందికి అది ఆలోచించే పద్ధతి. ఆ మాటల తీరు మారిందా, కోపంగా, భయంగా ఉందా అన్నది చూడండి. కేంద్రంలో ఆయనకు దగ్గరి స్నేహితుడెవరో మీకు తెలిసే ఉంటుంది. వారానికి ఒక్కసారైనా వాళ్లిద్దరూ కలిసేలా చేయగలిగితే, బిస్కెట్ల మీద మీరు పెట్టే ఏ ఆంక్షా చేయలేని పని అది చేస్తుంది.

ఇప్పుడు శరీరం గురించి. ఇది అమ్మానాన్నలకు కూడా చదివి వినిపించండి. డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్లు సాధారణంగా పొట్టిగా ఉంటారు, కండ తక్కువ, కండరాల బిగువూ తక్కువ. పొట్టి శరీరానికి, కండ తక్కువున్న శరీరానికి రోజుకు కావలసిన కేలరీలూ తక్కువే. పిల్లల మీద చేసిన కొన్ని అధ్యయనాల్లో విశ్రాంతిగా ఉన్నప్పుడు శరీరం ఖర్చు చేసే శక్తి కూడా తోటివాళ్లకంటే తక్కువగా కనిపించింది. కడుపు నిండిందని మెదడుకు చెప్పే లెప్టిన్ అనే హార్మోన్ ఉంది. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్ని వాళ్ల సొంత అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లతో పోల్చి చూస్తే, ఒంట్లో కొవ్వు తేడాను లెక్కలోకి తీసుకున్నాక కూడా అది రక్తంలో ఎక్కువగా ఉందట. హార్మోన్ ఉన్నా దాని మాట శరీరం సరిగా వినడం లేదేమోనన్నది ఒక వివరణ. అంటే మీరూ ఆయనా ఒకే బల్ల దగ్గర కూర్చుని ఒకే కొలత తింటే మీకు సరిపోయింది ఆయనకు మిగిలిపోతుంది. ఇందులో క్రమశిక్షణ ప్రశ్నే లేదు.

కొంతమంది దీన్ని ప్రేడర్ విల్లీ సిండ్రోమ్‌తో కలిపేసి చెబుతారు. అది వేరు. దానిలో ఆకలి ఎప్పటికీ తీరదు, అల్మారాలకు తాళాలు వేయాల్సి రావచ్చు. డౌన్ సిండ్రోమ్‌లో అలాంటి ఆకలి ఉండదు. మీ ఇంట్లో తాళాలు అక్కర్లేదు, దయచేసి వేయొద్దు కూడా. తాళం వేసిన రోజు నుంచి తిండి నిధి అయిపోతుంది.

తాళానికి బదులు ఇంట్లోకి ఏం వస్తుందన్నది మార్చండి, అదీ అందరికీ. ఇది చెప్పడం తేలిక, చేయడం కష్టం. మీరు రాత్రి చిప్స్ ప్యాకెట్ విప్పి, ఆయనకు మాత్రం పండు ఇస్తే అది శిక్షలాగే ఉంటుంది. కూల్ డ్రింకులు, పళ్లరసాలు కొనడం మొదట ఆపండి, ఎందుకంటే తాగిన కేలరీలకు కడుపు నిండదు. బిస్కెట్లు పూర్తిగా మాన్పించకండి. పెద్ద ప్యాకెట్లు కాకుండా చిన్నవి తెచ్చి, రోజుకు ఒకటి ఆయన పేరు రాసిన డబ్బాలో పెట్టండి. ఎప్పుడు తినాలన్నది ఆయన ఇష్టం. పొద్దున్నే తినేస్తే తినేయనివ్వండి, సాయంత్రం ఇంకోటి ఇవ్వకండి. మా తమ్ముడు మొదటి వారం పొద్దున ఏడింటికే తినేసేవాడు. మూడో వారంలో సాయంత్రం దాకా ఉంచుకోవడం నేర్చుకున్నాడు. తనదన్నది తన చేతిలో ఉన్నాక దాచుకోవాల్సిన అవసరం పోయింది.

అమ్మానాన్నల దగ్గర మాత్రం వాదనకు దిగకండి. ఆయన పుట్టినప్పుడు డాక్టర్లు వాళ్లతో ఏమన్నారో ఒకసారి అడగండి. అమెరికా లెక్కల ప్రకారం 1983లో డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్ల సగటు ఆయుష్షు 25 ఏళ్లు. గుండె ఆపరేషన్లు, మెరుగైన వైద్యం వచ్చాక అది 60కి చేరింది. మా అమ్మకు ఆసుపత్రిలో ఎవరో 'ఇరవై దాటడు' అన్నారట. ఆ మాట ఆమె మాకెవరికీ చెప్పలేదు, ఉన్నన్నాళ్లూ వాడు అడిగిందల్లా పెట్టాలని మాత్రం మనసులో అనుకుంది. నేను కేలరీల గురించి ఎంత చెప్పినా వినలేదు. ఒకరోజు, 'అమ్మా, వీడికి ఇంకో ముప్పై ఏళ్లు ఉన్నాయి, మోకాళ్లు అప్పటిదాకా రావాలి కదా' అన్నాను. ఆమె చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. మర్నాటి నుంచి వాడి రెండో వడ్డన ఆగిపోయింది. పెట్టడమే ప్రేమ అనుకునే తల్లికి పెట్టడం ఆపమంటే ప్రేమించడం ఆపమన్నట్టు ఉంటుంది. ఆమెకు చేయడానికి ఇంకో పని కావాలి. మా అమ్మకు సాయంత్రం వాడితో నడవడం ఆ పని అయింది.

తినే తీరు గురించి కొన్ని చిన్న విషయాలు. నోరు చిన్నది, నమిలే బలం తక్కువ, పళ్లు ఆలస్యంగా, వంకరగా రావడం వల్ల వాళ్లలో చాలామంది మెత్తటి తిండికి అలవాటు పడతారు, గబగబా మింగేస్తారు. మెత్తటి తిండిలో పీచు తక్కువ, కడుపు నిండిన సంగతి తెలిసేలోపే పళ్లెం ఖాళీ అయిపోతుంది. కూరగాయలు తినరని అనుకునేముందు ఒకసారి డెంటిస్ట్‌కి చూపించండి, నమలలేక వదిలేస్తున్నారేమో. బాగా ఉడికించి, చిన్న ముక్కలుగా పెట్టి చూడండి. తినేటప్పుడు తరచూ దగ్గు వస్తున్నా, పొలమారుతున్నా అది తొందరపాటని వదిలేయొద్దు, మింగడంలో ఇబ్బంది ఉందేమో డాక్టర్‌కి చూపించాలి. గిన్నెలు బల్ల మీద పెట్టకుండా వంటింట్లోనే వడ్డించి తెచ్చుకోండి. పళ్లెం చిన్నది చేయండి. పళ్లెంలో సగం కూరగాయలు, పావు వంతు పప్పులూ గుడ్లూ చేపలూ లాంటి మాంసకృత్తులు, పావు వంతు ధాన్యం అన్నది ఫోటో తీసి గోడకు పెట్టండి. అంకెలకంటే బొమ్మ బాగా పనిచేస్తుంది. ఆ పళ్లెం ఫోటో ఆయన చేతే తీయించండి.

'ఏం తింటావు' అని అడక్కండి. 'ఇదా, అదా' అని రెండు చూపించి అడగండి, రెండూ మీకు సరేననిపించేవే ఉండాలి. ఆయన ఎంచుకున్నాక మార్చకండి.

బయటివాళ్ల సంగతి కూడా ఉంది. డౌన్ సిండ్రోమ్ ఉన్న మనిషిని చూడగానే చేతిలో చాక్లెట్ పెట్టడం అందరికీ అలవాటు, పెద్దమనిషైనా సరే. చుట్టాలు, పక్కింటివాళ్లు, టీచర్లు, అందరూ మంచి మనసుతోనే ఇస్తారు. అందరినీ కలిపితే రోజుకు మూడు నాలుగు అవుతాయి. ఇవ్వొద్దని ముఖం మీద చెప్పడం ఇబ్బంది అనిపిస్తే, వాళ్లకు ఇంకోటి చెప్పండి: కరచాలనం చేయమనండి, పాట అడగమనండి, పదినిమిషాలు కూర్చుని మాట్లాడమనండి. ఇంట్లో కూడా మంచి పనికి బహుమతిగా తిండి పెట్టడం ఆపేయండి. మా వాడికి అన్నిటికంటే పెద్ద బహుమతి నా ఫోన్‌లో వీడియో కాల్.

వ్యాయామానికి ముందు రెండు జాగ్రత్తలు. ఒకటి గుండె. డౌన్ సిండ్రోమ్‌తో పుట్టినవాళ్లలో దాదాపు సగం మందికి పుట్టుకతో గుండె లోపం ఉంటుంది, చిన్నప్పుడు ఏమీ లేనివాళ్లకు కూడా పెద్దయ్యాక కవాటాల సమస్య రావచ్చు. డాక్టర్ ఒకసారి చూసి సరేనన్నాకే మొదలుపెట్టండి. రెండోది మెడ. తలకు కింద ఉండే మొదటి రెండు వెన్నుపూసల మధ్య పట్టు కొందరిలో వదులుగా ఉంటుంది. పిల్లిమొగ్గలు, తలకిందులు చేసే ఆసనాలు, ట్రాంపొలిన్ మీద ఎగరడం, తల మీద బరువు పడే ఆటలు వద్దు. నడక తీరు మారినా, చేతుల్లో పట్టు తగ్గినా, మెడ నొప్పి వచ్చినా, తల ఒక పక్కకు వాలినా, మూత్రం మీద అదుపు తప్పినా వ్యాయామం ఆపి అదే రోజు డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. ఈ ఒక్క విషయంలో వేచి చూడటం అన్నది లేదు.

ఫోన్‌లూ వాచీలూ చూపించే గుండె వేగం లెక్కను పట్టించుకోకండి. 220 లోంచి వయసు తీసేసే ఫార్ములా వీళ్లకు వర్తించదు, శ్రమ చేసినప్పుడు వాళ్ల గుండె వేగం మిగతావాళ్లంత పైకి వెళ్లదు. ఆయన మాట్లాడగలుగుతూ, పాట పాడలేకపోతుంటే ఆ వేగం సరిపోయినట్టే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో వైకల్యం ఉన్న పెద్దవాళ్లకు కూడా అందరిలాగే వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమ, వారానికి కనీసం రెండు రోజులు కండను బలపరిచే వ్యాయామం చెప్పింది. మీరు మొదటి నెల ఆ అంకె జోలికి పోకండి. పది నిమిషాలతో మొదలుపెట్టండి. పాదాలు చదునుగా, చీలమండలు వదులుగా ఉంటాయి కాబట్టి మంచి పట్టున్న బూట్లు కొనండి, లేసులు కాకుండా అంటుకునే పట్టీలున్నవి. తన బూట్లు తనే వేసుకోగలగడం చిన్న విషయం కాదు, ఇంకొకరు వచ్చి తొడిగేదాకా ఎదురుచూడాల్సిన మనిషి బయటికి వెళ్లడం మానేస్తాడు.

కండ పెంచే వ్యాయామాన్ని చాలామంది వదిలేస్తారు, నాకు అదే అన్నిటికంటే ముఖ్యం అనిపిస్తుంది. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం, గోడకు చేతులు ఆనించి తోయడం, నీళ్ల సీసాలు ఎత్తడం. ఇవి చాలు. సాగే రబ్బరు బ్యాండ్లు దొరికితే ఇంకా మంచిది. కీళ్లు వదులుగా ఉన్న మనిషికి వాటిని పట్టి ఉంచేది చుట్టూ ఉన్న కండే.

ఇందులో వాళ్లకు ఉన్న ఒక పెద్ద బలం మీకు సాయపడుతుంది. అమెరికాలో డౌన్ సిండ్రోమ్ ఉన్న పెద్దవాళ్లతో ఏళ్ల తరబడి పనిచేసిన మెగ్వైర్, చికోయిన్ అనే ఇద్దరు దానికి 'గ్రూవ్' అని పేరు పెట్టారు. గాడి అనుకోండి. ఒక పని ఒక వేళకు, ఒక వరుసలో చేయడం అలవాటైతే వాళ్లు దాన్ని వదలరు. బయటివాళ్లకు అది మొండితనంలా కనిపిస్తుంది. నడక ఆ గాడిలో పడిందా, ఇక మీరు గుర్తుచేయక్కర్లేదు. మా ఇంట్లో ఐదున్నరకు నడక. ఐదూ ఇరవైకి వాడు బూట్లు వేసుకుని, తలుపు గొళ్లెం మీద చేయి పెట్టి నిలబడతాడు. నాకు జ్వరంగా ఉన్న రోజు కూడా నిలబడ్డాడు, ఆ రోజు వాడితో నాన్న వెళ్లారు. గాడిలో పడటానికి మాకు ఆరు వారాలు పట్టింది, ఆ ఆరు వారాలూ రోజూ ఒకే వేళ, ఒకే దారి, ఒకే పాట. మీకు ఉద్యోగం ఉంటే వేళ మీరు నిజంగా నిలబెట్టుకోగలిగేదే పెట్టండి.

ఆయనకు డాన్స్ ఇష్టమైతే నడకకంటే అదే మేలు. ఆటలు ఇష్టమైతే 1968లో యూనిస్ కెనడీ శ్రైవర్ మొదలుపెట్టిన స్పెషల్ ఒలింపిక్స్ ఇప్పుడు 170కి పైగా దేశాల్లో ఉంది. పతకాల కోసం కాదు, కేంద్రం పోయాక పోయిన స్నేహాలు అక్కడ మళ్లీ దొరకవచ్చని చెబుతున్నాను.

బరువు తగ్గించే ఇంజెక్షన్ల గురించి నన్ను చాలామంది అడుగుతున్నారు, మీరూ అడుగుతారేమో. సెమాగ్లుటైడ్ లాంటివి డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్ల మీద పెద్దగా పరీక్షించలేదు. వికారం, కడుపునొప్పి, మలబద్ధకం వాటి దుష్ప్రభావాలు. కడుపులో ఏమవుతుందో మాటల్లో చెప్పడం కష్టమయ్యే మనిషికి ఇది చిన్న సంగతి కాదు. షుగర్ ఉంటేనో, ఆప్నియా తీవ్రంగా ఉంటేనో డాక్టర్ ఆలోచించి ఇవ్వవచ్చు, అది వాళ్ల నిర్ణయం. బరువు తగ్గిస్తాయంటూ అమ్మే పొడులు, విటమిన్ మిశ్రమాలు మాత్రం కొనకండి.

లక్ష్యం ఎంత పెట్టుకోవాలి అంటే, మొదటి మూడు నెలలు పెరగకుండా ఆగితే చాలు. ఆ తర్వాత ఆరు నెలల్లో ఉన్న బరువులో 5 శాతం తగ్గితే చాలా మంచి ఫలితం. రెండు వారాలకోసారి, పొద్దున, తలుపు వేసి, ఆయనా మీరూ మాత్రమే ఉన్నప్పుడు చూడండి. ఇష్టం లేదంటే ఆ వారం వద్దు. నడుం కొలత నెలకోసారి చాలు, కొన్నిసార్లు కండ పెరిగి బరువు కదలకపోయినా నడుం తగ్గుతుంది. బీపీ మామూలుగా ఉందని నిశ్చింతగా ఉండకండి. డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్లలో బీపీ సాధారణంగా తక్కువే ఉంటుంది. బరువు చేసే చెరుపు వాళ్లలో నిద్రలో, మోకాళ్లలో, షుగర్‌లో ముందు కనిపిస్తుంది. ఆయనకు అంకెలు చెప్పి సంతోషపెట్టాలని చూడకండి. పై అంతస్తుకు మధ్యలో ఆగకుండా ఎక్కారా, వంగి బూట్ల పట్టీ పెట్టుకున్నారా, రాత్రి నిద్ర ప్రశాంతంగా ఉందా, వాటి గురించి మాట్లాడండి. మా వాడు 92 నుంచి 83 కిలోలకు రావడానికి రెండేళ్లు పట్టింది, మధ్యలో ఒకసారి నాలుగు కిలోలు తిరిగి పెరిగాడు, నాన్న ఆసుపత్రిలో ఉన్న నెలల్లో. అప్పుడు ఎవరం ఏమీ అనలేదు.

ఈ కొలతలన్నీ ఒక నోట్‌బుక్‌లో తేదీలతో రాయండి, పారేయకండి. ఇప్పుడు కాకపోయినా ముందు ముందు దాని అవసరం ఇంకో రకంగా వస్తుంది. డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్లలో 40 దాటాక ఏ ప్రయత్నమూ లేకుండా బరువు తగ్గుతుంటే సంతోషించకూడదు. అల్జీమర్స్ వాళ్లకు మిగతావాళ్లకంటే చాలా ముందుగా వస్తుంది, మతిమరుపు బయటపడక ముందే బరువు తగ్గడం మొదలవుతుందని పరిశోధనల్లో కనిపించింది. పంటి నొప్పి, సీలియాక్ జబ్బు (గోధుమల్లోని గ్లూటెన్ పేగులకు పడకపోవడం), థైరాయిడ్ ఎక్కువగా పనిచేయడం కూడా కారణాలు కావచ్చు. ఏ వయసులో ఎంత బరువు ఉండేవారో రాసిపెట్టి ఉంటే, అప్పుడు ఆయన్ని చూసుకునేది మీరైనా ఇంకెవరైనా, డాక్టర్ అడిగినప్పుడు తడుముకోనవసరం ఉండదు. నోట్‌బుక్ మొదటి పేజీ మీద పేరు ఆయన చేతే రాయించండి.